పవర్ బీఐలో అమ్మకం సరిగ్గా రెట్టింపు చూపిస్తోంది, ఎక్కడ తప్పు చేశాను?

బెజవాడ_బిల్లుపుస్తకం:

అందరికీ నమస్తే. నేను విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ చూస్తాను. బీకాం చదివాను, ఎక్సెల్ బాగానే వచ్చు, వీలుకప్ ఫార్ములా వరకూ ఓకే, అంతకుమించి ఏమీ రాదు. మా ఓనర్ గారు ఎవరి ఆఫీసులోనో గోడకి టీవీ పెట్టి డాష్‌బోర్డు నడపడం చూసొచ్చి "మనకీ అలాంటిది కావాలయ్యా, ఏ ఊరి లైన్‌లో ఎంత అమ్మాం, ఎవరి దగ్గర ఎంత బాకీ ఉంది, పొద్దున్నే ఫోన్‌లో కనపడాలి" అన్నారు. సరే అని పవర్ బీఐ డెస్క్‌టాప్ (లెక్కల్ని చార్టులుగా చూపించే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) దించుకుని, వీడియోలు చూస్తూ రెండు వారాలుగా కుస్తీ పడుతున్నాను.

ముందు ఒక్క నెలతో మొదలుపెడదామని 2025 ఏప్రిల్ సేల్స్ రిజిస్టర్‌ని మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి (పేరెందుకు లెండి) సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) తీశాను. రిజిస్టర్‌లో ఆ నెల మొత్తం 84,36,210. డాష్‌బోర్డు కార్డులో 1,68,72,420. సరిగ్గా రెట్టింపు, రూపాయి తేడా లేదు. సరే, అది పక్కనపెడితే నెలవారీ చార్టు పెట్టాను. ఇచ్చింది ఏప్రిల్ ఒక్కటే కదా, ఒక్క కడ్డీ రావాలి. జూన్ తప్ప జనవరి నుంచి డిసెంబర్ దాకా అన్ని నెలలూ వచ్చాయి! వీటి పక్కన పేరు లేకుండా బ్లాంక్ అని ఒక పెద్ద కడ్డీ, మిగతావన్నీ దాని ముందు మరుగుజ్జులు.

ఓనర్ గారికి చూపిస్తే కార్డు మీద 16.87 ఎమ్ అని ఉంది. "ఈ ఎమ్ ఏంటి, మీటర్లా?" అని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంకోటి, ఇది ఆయన ఫోన్‌కి ఫ్రీగా పంపే దారి ఏదైనా ఉందా? పబ్లిష్ టు వెబ్ అని ఒక ఆప్షన్ కనిపించింది, అది నొక్కేయొచ్చా?

—

గచ్చిబౌలి_డేటా:

ముందు ఆఖరి ప్రశ్నకి జవాబు: నొక్కొద్దు. దాని గురించి ఎవరో ఒకరు వివరంగా చెప్తారులెండి, నేను మీ కడ్డీల సంగతి చూస్తాను, ఎందుకంటే చదువుతుంటేనే నవ్వొచ్చింది. నవ్వింది మిమ్మల్ని చూసి కాదండీ, నా ఉద్యోగం మొదటి నెలలో నేనూ అచ్చం ఇదే చేశాను.

మీ ఫైల్లో తేదీ 01/04/2025 అని ఉంది. మనకది ఏప్రిల్ 1. కానీ మీ పవర్ బీఐ అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత చదువుతోంది, కాబట్టి దానికది జనవరి 4. అలాగే 02/04 ఫిబ్రవరి 4 అయింది, 12/04 డిసెంబర్ 4 అయింది. 13/04 దగ్గరికొచ్చేసరికి పదమూడో నెల లేదు కాబట్టి ఎర్రర్ కొట్టి, ఆ గడి ఖాళీగా లోడ్ అయింది. 13 నుంచి 30 దాకా రోజులన్నీ అలా ఒకే చోట పోగుపడ్డాయి, అదే మీ పేరు లేని పెద్ద కడ్డీ. అనుమానం ఉంటే ఏ నెల కడ్డీ అయినా విప్పి చూడండి, లోపల 4వ తేదీ ఒక్కటే ఉంటుంది.

జూన్ ఎందుకు లేదో చెప్పనా? జూన్ కడ్డీ రావాలంటే 06/04 నాడు బిల్లు ఉండాలి. 2025లో ఏప్రిల్ 6 ఆదివారం, పైగా శ్రీరామనవమి. మీ షాపు మూసి ఉండి ఉంటుంది.

ఇప్పుడు మందు. ట్రాన్స్‌ఫార్మ్ డేటాలోకి వెళ్లండి, డేటాని శుభ్రం చేసుకునే పవర్ క్వెరీ కిటికీ అదే. కుడివైపు అప్లైడ్ స్టెప్స్ అని వరుస ఉంటుంది, అందులో చేంజ్డ్ టైప్ అని అది మీకు చెప్పకుండా వేసిన స్టెప్పుని పీకేయండి. తేదీ కాలమ్ మీద రైట్ క్లిక్, చేంజ్ టైప్, అట్టడుగున యూజింగ్ లొకేల్, అంటే ఏ దేశం పద్ధతిలో చదవాలో చెప్పడం. అక్కడ డేట్ అని, ఇంగ్లీష్ ఇండియా అని ఎంచుకోండి. పాత స్టెప్పు పీకకుండా దాని మీదే ఇది వేస్తే లాభం లేదు, అప్పటికే తప్పుగా చదివేసి ఉంటుంది. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

రెట్టింపు సంగతి కూడా ఆ కిటికీలోనే తేలుతుంది. ఫైలు అట్టడుగు వరస చూడండి, గ్రాండ్ టోటల్ అని ఉంటుంది. బిల్లులన్నీ కలిపితే ఒకసారి, ఆ టోటల్ వరస ఇంకోసారి. అందుకే రూపాయి తేడా లేకుండా డబుల్. రిపోర్టు మనుషులు చదవడానికి తయారవుతుంది, మిషన్‌కి టోటల్ వరస కూడా మామూలు బిల్లే. దాన్ని తీయడానికి కింది నుంచి ఒక వరస తీసెయ్ అనే ఆప్షన్ వాడకండి, రేపు సాఫ్ట్‌వేర్ వాళ్లు టోటల్ కింద ఇంకో గీత కలిపితే మళ్లీ మొదటికొస్తుంది. బిల్లు నంబరు ఖాళీగా ఉన్న వరసలు వద్దు అని ఫిల్టర్ పెట్టండి.

ఇక మీటర్లు. ఆ ఎమ్ అంటే మిలియన్, పది లక్షలు. కార్డు ఫార్మాట్‌లో డిస్‌ప్లే యూనిట్స్ అని ఉంటుంది, దాన్ని నన్ (ఏదీ వద్దు) చేయండి. అందులో థౌజండ్స్, మిలియన్స్ ఉంటాయి గానీ మన లక్షలు ఉండవు. నేను చేసేదేంటంటే మొత్తాన్ని లక్షతో భాగించి విడిగా ఒక మెజర్ (లెక్క సూత్రం) రాసుకుని, పైన "అమ్మకం, లక్షల్లో" అని పేరు పెట్టి రెండు దశాంశాలు చూపిస్తాను. 84.36 అని కనిపిస్తుంది, ఏ ఓనరుకైనా అర్థమవుతుంది. ఫార్మాట్ ఫంక్షన్‌తో కామాలు పెట్టే చిట్కాలు దొరుకుతాయి, కానీ అది అంకెని అక్షరంగా మార్చేస్తుంది, తర్వాత చార్టులో పెడదామంటే కడ్డీలు రావు.

—

పివట్_చాలు:

ఇంత హడావుడి దేనికి బ్రదర్. ఒక షాపు, నెలకి మహా అయితే రెండు మూడు వేల బిల్లులు. ఎక్సెల్ షీట్‌లో 10,48,576 వరసలు పడతాయి, నీ షాపు జీవితకాలం లెక్కలు పడతాయి. గచ్చిబౌలి మేడమ్ చెప్పిన పవర్ క్వెరీ ఎక్సెల్‌లోనూ ఉంది, డేటా ట్యాబ్‌లో. శుభ్రం చేసి, పివట్ టేబుల్ పెట్టి, లైన్‌కి ఒక స్లైసర్ (నొక్కితే వడపోసే బటన్లు) తగిలిస్తే అదే డాష్‌బోర్డు. టీవీలో తిరిగే బొమ్మలు చూసి ఓనర్లు మోజుపడతారు, నెల తర్వాత ఎవరూ దాని మొహం చూడరు. నేను పనిచేసిన ఒకచోట అయితే టీవీలో చివరికి క్రికెట్ పెట్టుకున్నారు.

—

లెడ్జర్_బాబాయ్:

పివట్ అబ్బాయి చెప్పింది సగం నిజం. పనిముట్టు ఏదైనా పర్లేదు, కానీ కుర్రాడు నేర్చుకుంటానంటుంటే ఆపడం దేనికి.

బాబూ, నేను ముప్ఫై ఏళ్లు పుస్తకాలు రాసినవాణ్ణి, ఈ మధ్యే మా అమ్మాయి దగ్గర ఇది నేర్చుకున్నాను. నా మాట ఒకటి విను. రంగులు, చార్టులు, లోగో అన్నీ పక్కన పెట్టు. ఒక్క రోజు తీసుకో, ఏదో ఒక మామూలు బుధవారం. ఆ రోజు డేబుక్ (రోజువారీ లెక్కల పుస్తకం) ప్రింటు తీసి పక్కన పెట్టుకో. డాష్‌బోర్డులో ఆ రోజు అమ్మకం, రిటర్న్స్, నికరం మూడూ పుస్తకంతో పైసలతో సహా కలిసేదాకా రెండో చార్టు పెట్టకు. ఓనరు ఒక్కసారి తప్పు అంకె చూశాడంటే తర్వాత నువ్వు నిజం చూపించినా నమ్మడు. నీకు ఇప్పటికే ఒక ఎమ్ పడింది.

తేడా వచ్చినప్పుడు గుడ్డిగా బిల్లులు తిరగేయకు. తేడాని రెండుతో భాగించు, ఆ మొత్తానికి ఏదైనా ఎంట్రీ ఉందేమో చూడు, ఉంటే అది తీసేయాల్సింది పోయి కలిసింది. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారై ఉండొచ్చు, 540కి 450 కొట్టినట్టు. కంప్యూటర్లు రాకముందు నుంచీ ఉన్న చిట్కా, దీనికీ పనిచేస్తుంది.

మందుల వ్యాపారంలో ఇంకో మూడు గోతులున్నాయి. ఎక్స్‌పైరీ రిటర్న్స్ క్రెడిట్ నోట్లు, అంటే గడువు తీరి వెనక్కొచ్చిన మందులకి పార్టీ ఖాతాలో తగ్గించే చీటీలు, చాలా సాఫ్ట్‌వేర్లలో వేరే రిపోర్టులో, ప్లస్ గుర్తుతోనే వస్తాయి. ఆ ఫైలుని సేల్స్ కింద అపెండ్ చేసేటప్పుడు (అతికించేటప్పుడు) మొత్తాన్ని మైనస్ ఒకటితో గుణించు. రెండోది స్కీము. పదికి ఒకటి ఫ్రీ ఇస్తే సరుకు పదకొండు పోతుంది, డబ్బు పదికే వస్తుంది. అమ్మిన సంఖ్య, ఫ్రీ సంఖ్య వేర్వేరు కాలమ్స్‌లో ఉంచకపోతే సగటు ధర తక్కువగా కనిపించి, మీ సేల్స్ కుర్రాడు రేటు తగ్గించి అమ్మాడని గొడవలవుతాయి.

మూడోది కొత్తది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి వచ్చింది కదా. పన్ను కలిపిన బిల్లు మొత్తంతో ఆగస్టునీ అక్టోబరునీ పోలిస్తే, అదే సరుకు అదే రేటుకి అమ్మినా 112 ఉన్న చోట 105 కనిపిస్తుంది, అంటే 6.25 శాతం పడిపోయినట్టు. అమ్మకం ఎందుకు తగ్గిందని మీటింగు పెడతారు, తగ్గింది పన్ను. ఎప్పుడూ ట్యాక్సబుల్ వేల్యూ (పన్ను కలపకముందు మొత్తం) మీదే పోల్చు.

—

న్యూజెర్సీ_నైట్‌షిఫ్ట్:

పబ్లిష్ టు వెబ్ గురించి నేను చెప్తాను. అది నొక్కితే వచ్చే లింకుకి లాగిన్ ఉండదు, పాస్‌వర్డ్ ఉండదు, లింకు ఎవరి చేతికి చిక్కితే వాళ్లు చూసేయొచ్చు. సెన్సస్ లెక్కలకో క్రికెట్ స్కోర్లకో అయితే బాగుంటుంది. మీ పార్టీల పేర్లు, బాకీలు, మార్జిన్లు అందులో పెడితే దుకాణం రోడ్డు మీద పెట్టినట్టే. నాకు తెలిసిన ఒక చిన్న కంపెనీలో ఎవరో అలా చేసి లింకుని సేల్స్ గ్రూపులో పడేశారు, ఆ గ్రూపులో ఉద్యోగం మానేసి పోటీ స్టాకిస్టు దగ్గర చేరినవాడు ఇంకా ఉన్నాడు. తర్వాత ఏం జరిగిందో మీరే ఊహించుకోండి.

పద్ధతిగా షేర్ చేయాలంటే పంపే మీకూ, చూసే ఆయనకీ ఇద్దరికీ ప్రో లైసెన్సు కావాలి. 2025 ఏప్రిల్ నుంచి మనిషికి నెలకి 14 డాలర్లు చేశారు, అంతకుముందు 10 ఉండేది. మామూలు జీమెయిల్‌తో సైన్ అప్ అవ్వదు, ఆఫీసు డొమైన్ ఈమెయిల్ ఉండాలి. ఫైళ్లు మీ పీసీలో ఉంటే వాటిని నెట్‌కి అందించే గేట్‌వే అనే ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేయాలి, రిఫ్రెష్ టైముకి ఆ పీసీ ఆన్‌లో ఉండాలి. రాత్రి షాపు కట్టేసేటప్పుడు మెయిన్ ఆపేసి వెళ్తే పొద్దున్నే పాత లెక్కలే కనిపిస్తాయి. ప్రోలో రోజుకి ఎనిమిదిసార్లు షెడ్యూల్ పెట్టుకోవచ్చు, మీకు ఒకటి చాలు.

ఇవన్నీ ఇప్పుడే ఎందుకు అనుకుంటే ఒక ఫ్రీ దారి ఉంది, చూడ్డానికి గొప్పగా ఉండదు కానీ పని జరుగుతుంది. డెస్క్‌టాప్‌లో ఫైల్, ఎక్స్‌పోర్ట్, పీడీఎఫ్. దాన్ని ఓనర్ గారికి వాట్సాప్ చెయ్యండి. రోజుకి రెండు నిమిషాల పని. రెండు నెలలు ఆయన నిజంగా తెరిచి చూస్తున్నారా లేదా తెలుస్తుంది, అప్పుడు లైసెన్సు అడగండి.

తర్వాత ఎప్పుడైనా లైసెన్సులు కొని, గుడివాడ లైన్ కుర్రాడికి గుడివాడే కనిపించాలి అనుకుంటే రో లెవెల్ సెక్యూరిటీ ఉంది, లాగిన్ అయిన ఈమెయిల్‌ని బట్టి వరసలు దాచేస్తుంది. కానీ వర్క్‌స్పేస్‌లో (రిపోర్టులు ఉంచే ఆన్‌లైన్ చోట) ఆ కుర్రాణ్ణి వ్యూయర్‌గానే ఉంచాలి. మెంబర్‌నో కంట్రిబ్యూటర్‌నో చేస్తే ఆ తెర అతనికి వర్తించదు, అన్నీ కనిపిస్తాయి. ఇది తెలియక నేను ఒకసారి డెమోలో పరువు పోగొట్టుకున్నాను.

—

కొత్తయుగం_99:

ఫైలు ఏఐకి ఇచ్చేసి డాష్‌బోర్డు చెయ్యమను, అయిపోతుంది. ఇంకా ఈ రోజుల్లో చేత్తో చేసేవాళ్లున్నారా?

—

లెడ్జర్_బాబాయ్:

ఇవ్వు నాయనా, మొత్తం 1,68,72,420 అని అదీ చెప్తే ఏం చేస్తావ్?

—

గచ్చిబౌలి_డేటా:

బాబాయ్ గారూ 🙂

బిల్లుపుస్తకం గారూ, నిన్న ఆఫీసు నుంచి రాస్తూ కొన్ని మర్చిపోయాను. మీరు ఇప్పుడు ఒక్క ఫైలుతో కట్టారు, వచ్చే నెల ఏం చేస్తారు, మళ్లీ కొత్తగానా? ఒక ఫోల్డర్ పెట్టి నెలనెలా సీఎస్‌వీలు అందులో పడేయండి. గెట్ డేటాలో ఫైలు బదులు ఫోల్డర్ ఎంచుకుని కంబైన్ చేస్తే, తేదీ సరిచేయడం, టోటల్ వరస తీసేయడం అన్నీ ప్రతి ఫైలుకీ అవే జరుగుతాయి. కొత్త నెల ఫైలు పడేసి రిఫ్రెష్ నొక్కడమే. ఒక్కటే షరతు, కాలమ్ పేర్లు మారకూడదు. ఎవరైనా "బిల్ డేట్"ని "ఇన్‌వాయిస్ డేట్" చేశారంటే అక్కడికక్కడే ఆగిపోతుంది.

నెలలు ఏప్రిల్ నుంచి మార్చి వరసలో రావాలి కదా, ఊరికే నెల పేరు పెడితే ఇంగ్లీషు అక్షర క్రమంలో ఏప్రిల్ తర్వాత ఆగస్టు వస్తుంది. విడిగా ఒక తేదీల టేబుల్ చేసుకోండి, అందులో ఆర్థిక సంవత్సరం నెల నంబరు అని ఒక కాలమ్, ఏప్రిల్‌కి 1, మార్చికి 12. నెల పేరుని ఆ నంబరుతో సార్ట్ బై కాలమ్ చేయండి. సంవత్సరం మొదటి నుంచి ఇప్పటిదాకా అని లెక్కించే టోటల్ వైటీడీ ఫంక్షన్‌కి చివర్లో సంవత్సరం ముగిసే తేదీ మార్చి 31 అని చెప్పాలి, లేకపోతే జనవరిలో సున్నా నుంచి మొదలుపెడుతుంది. అలాగే ఆప్షన్స్‌లో ఆటో డేట్ టైమ్ అని టిక్కు ఉంటుంది, తీసేయండి, అది ప్రతి తేదీ కాలమ్‌కీ కనపడకుండా ఒక టేబుల్ కట్టి ఫైలుని లావు చేస్తుంది.

మార్జిన్ శాతం పెడతారు ఎలాగూ, అందుకని ముందే చెప్తున్నాను. వెయ్యి రూపాయల బిల్లు మీద 20 శాతం, 99 వేల బిల్లు మీద 5 శాతం వచ్చిందనుకోండి. బిల్లువారీ శాతాల సగటు తీస్తే 12.5 అంటుంది. నిజానికి లక్ష మీద మీకు మిగిలింది 5,150, అంటే 5.15 శాతం. అందుకే శాతాన్ని కాలమ్‌గా కట్టి సగటు తీయకూడదు, మొత్తం లాభాన్ని మొత్తం అమ్మకంతో భాగించే మెజర్ రాయాలి. డివైడ్ ఫంక్షన్ వాడితే అమ్మకం సున్నా ఉన్న చోట పిచ్చి గుర్తులు రావు.

టేబుళ్లని పార్టీ పేర్లతో కలపొద్దు, కోడ్‌తో కలపండి. ఒకే మెడికల్ షాపుని ముగ్గురు మూడు రకాలుగా టైపు చేసి ఉంటారు, "వెంకటేశ్వర"ని ఇంగ్లీషులో రాయడానికి ఎన్ని దారులున్నాయో మీకు తెలియనిది కాదు. జీఎస్టీ నంబరుతో కలుపుదాం అనిపిస్తుంది, కానీ ఒకే యజమానికి రాష్ట్రంలో రెండు మూడు షాపులుంటే నంబరు ఒకటే ఉండొచ్చు, నంబరే లేని చిన్న షాపులూ ఉంటాయి. మీ బిల్లింగ్‌లో పార్టీ కోడ్ ఉంటుంది చూడండి, అదే తాడు. ఒక తిరకాసు గుర్తుపెట్టుకోండి, పవర్ క్వెరీకి పెద్దక్షరాలు చిన్నక్షరాలు వేర్వేరు, లోపలి మోడల్‌కి ఒకటే. క్వెరీలో డూప్లికేట్లు తీసేశాక కూడా టేబుళ్లు కలిపేటప్పుడు డూప్లికేట్లున్నాయి అంటే కారణం సాధారణంగా ఇదే, ముందు అన్నిటినీ అప్పర్‌కేస్ చేసి అప్పుడు తీయండి.

—

బెజవాడ_బిల్లుపుస్తకం:

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. పది రోజుల తర్వాత అప్‌డేట్.

తేదీలు సరయ్యాయి, ఏప్రిల్ ఒక్కటే కడ్డీ. అవును మేడమ్, 6న షాపు కట్టేశాం, అందరం సీతారామ కల్యాణానికి వెళ్లాం. కడ్డీలు చూసి అంత కనిపెట్టారంటే మా వాళ్లెవరూ నమ్మలేదు. గ్రాండ్ టోటల్ వరస అక్కడే ఉంది, రెండు వారాలుగా నా కళ్ల ముందే.

బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే ఏప్రిల్ 16 బుధవారం డేబుక్ పక్కన పెట్టుకున్నాను. మొదటిసారే 18,746 రూపాయల 35 పైసలు తేడా. గుండె జారింది. సరే చివరి ఆరు రూపాయల చిల్లర వదిలేసి రెండుతో భాగిద్దామని భాగిస్తే 9,370. క్రెడిట్ నోట్ల ఫైలు తెరిస్తే, ఆ రోజు గుడివాడ పార్టీ ఒకరిది ఎక్స్‌పైరీ రిటర్న్ అక్షరాలా 9,370! రిటర్న్స్ ఫైలు కలిపాను గానీ మైనస్ పెట్టడం మర్చిపోయాను. పెట్టాక ఇంకా 6 రూపాయల 35 పైసలు మిగిలింది, అది రౌండాఫ్ కాలమ్ తీసుకోకపోవడం వల్ల. అదీ కలిపాక పైసలతో సహా సరిపోయింది. రాత్రి తొమ్మిదింటికి షాపులో ఒక్కణ్ణే ఉన్నాను, ఎవరికి చెప్పాలో తెలియక వాచ్‌మన్‌కి చెప్పాను.

పివట్ అన్నా, మీరన్నదీ కొట్టిపారేయను, బాకీల జాబితా మాత్రం ఎక్సెల్‌లోనే ఉంచాను, సేల్స్ వాళ్లకి ప్రింటు తీసుకుని జేబులో పెట్టుకోవడానికి అదే నయం.

వారం నుంచి రోజూ పీడీఎఫ్ వాట్సాప్ చేస్తున్నాను. ఓనర్ గారు చూస్తున్నారు, ఎందుకంటే నిన్న పంపడం పావుగంట ఆలస్యమైతే ఫోన్ చేశారు. కానీ అక్షరాలు పెద్దవి చెయ్యమంటున్నారు, కళ్లజోడు లేకుండా కనపడాలట. మొబైల్ లేఅవుట్ అని ఒకటి ఉంది కదా, దాన్ని సర్దాను, పీడీఎఫ్‌లో మాత్రం అడ్డంగానే వస్తోంది. ఏం చేయాలి?

—

న్యూజెర్సీ_నైట్‌షిఫ్ట్:

మొబైల్ లేఅవుట్ ఫోన్ యాప్‌లో చూసేవాళ్లకే, పీడీఎఫ్‌కి పనికిరాదు. మామూలు పేజీనే నిలువుగా చేసుకోండి. ఖాళీ చోట క్లిక్ చేసి ఫార్మాట్ పేజీ, క్యాన్వాస్ సెట్టింగ్స్, కస్టమ్, వెడల్పు 720 ఎత్తు 1280. పేజీకి నాలుగు అంకెలు, ఒక చార్టు, అంతకుమించి పెట్టకండి. నేను మా నాన్నగారికి మందుల ఖర్చు లెక్క ఇలాగే పంపుతాను, ఆయనకీ కళ్లజోడు ఇష్టం ఉండదు.